ఎవరూ అడగని సంగతి

మా తమ్ముడి మనుమరాలు శ్రీజ న్యాయాధికారి పరీక్షలో నెగ్గి, ఉద్యోగంలో చేరేముందు నన్ను చూసిపోదామని జనగామ వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చిన పిల్లకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెడితే, గ్లాసు కింద పెట్టకముందే సంచిలోంచి లావుపాటి పుస్తకం తీసి, అందులో ఒక పుట నా ముందుకు జరిపింది. నేరం జరిగిన దగ్గరి నుంచి అప్పీలు దాకా ఒకదాని కింద ఒకటిగా గడులు గీసి, మధ్యలో బాణం గుర్తులు పెట్టారు. ఫిర్యాదు, దర్యాప్తు, అరెస్టు, అభియోగపత్రం, విచారణ, తీర్పు, అప్పీలు. "గిదంత నీకు ఎరికే గద అమ్మమ్మా. నీ నౌకరి అంత కోర్టులనే గడిచిపాయె. జర నీ మాటల్ల చెప్పరాదు" అంది.

ఆ పుటను రెండుసార్లు చదివాను. తప్పు ఒక్కటీ లేదు. అయినా కోపం వచ్చింది. నా ఉద్యోగ జీవితమంతా కోర్టు నకళ్ల శాఖలో గడిచింది. వాంగ్మూలాలకూ తీర్పులకూ అక్షరం పొల్లుపోకుండా ప్రతులు రాయించి, అసలుతో సరిచూసి, ముద్ర వేసి ఇవ్వడం నా పని. ఇంట్లో కూడా ఏ సంగతినైనా రాసి పెట్టుకోనిదే నాకు తోచదు. అందువల్ల పద్ధతి అన్నా, క్రమం అన్నా నాకు చిన్నచూపు లేదు. నా కోపం ఆ బాణం గుర్తుల మీద. ఒక గడిలోంచి మరో గడిలోకి అవి తమంతట తామే నడిచిపోయినట్లు గీశారు. మా ఇంట్లో అవి అట్లా నడవలేదు. ఒక్కొక్క దానిని ఒక్కొక్క మనిషి భుజాన వేసుకొని మోయవలసి వచ్చింది. మోసినవాళ్లలో ఒకరిద్దరు సరైన దారినే మోశారు గనుక మా నర్సయ్య చిన్నాయన ఉరికంబం దాకా పోకుండా ఇంటికి వచ్చాడు. శ్రీజకు చెప్పినదే ఇప్పుడు కాస్త వివరంగా రాసి పెడుతున్నాను.

మాది జనగామకు బండిదారిన పోవలసిన ఒక మెట్ట ఊరు. తాతకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా నాయన, చిన్నవాడు నర్సయ్య చిన్నాయన. అవి సాయుధ పోరాటపు రోజులు. గడీలోని దొరకు ఊరంతా వెట్టి చేయవలసిన కాలం గడిచి, చేయమని మొండికేసే కాలం వచ్చింది. మా ఊళ్లో మొదట మొండికేసినవాడు చిన్నాయన. దొర పొలానికి నాగళ్లు కట్టమని కబురు వస్తే, "మా నాగలి మా చెల్కల ఉన్నది, గది ఒడిసినంక చూస్తం" అని గడీ మనిషికి చెప్పి పంపాడట. తుపాకీ పట్టి అడవికి పోయినవాడు కాదు. ఊళ్లోనే ఉంటూ, సంఘం మాట నలుగురికీ చెప్పేవాడు. అంతకుమించి ఆయనకు రెండు ప్రసిద్ధులు ఉండేవి. ఒకటి నవ్వు. రెండోది మీసాలు. చెంపల దాకా పాకి, కొనలు పైకి తిరిగి, పక్క ఊరివాళ్లు సైతం "మీసాల నర్సయ్య" అని గుర్తుపట్టేంత పెద్ద మీసాలు. రోజూ పొద్దున్నే నువ్వుల నూనె చుక్క వేలితో తీసి వాటిని దువ్వేవాడు. మా నాయనమ్మకు అది చూస్తే మండేది. "తల్లి తలకు లేని నూనె నీ మీసాలకు వచ్చెనారా? ఎడ్ల కొమ్ములకన్న పెట్టు, దున్నుతయి" అనేది. ఆయన నవ్వి, మిగిలిన చుక్కను ఆమె తలకే రాసి పోయేవాడు.

పోలీసు చర్య జరిగి, ఊళ్లోకి పోలీసు క్యాంపు వచ్చిన తర్వాతి కోతల కాలంలో మా తాత చనిపోయాడు. పెద్దదినం నాడు ఇల్లంతా చుట్టాలు. చిన్నమ్మ పుట్టినిల్లు మొగుళ్లపల్లి. అక్కడినుంచి ఆమె అన్నదమ్ములు రేగొండ మీదుగా బండి కట్టుకొని వచ్చారు. పద్ధతి ప్రకారం జరగవలసినవన్నీ జరిగాయి. ఊరి పోలీసు పటేలు కూడా వచ్చి, అరుగు మీద కూర్చుని, విస్తరిలో వడ్డించినది తిని, చేయి కడుక్కొని పోయాడు. మరునాడు పొద్దుగూకే వేళ గడీ కల్లం మీద ఎవరో గుంపుగా పడ్డారు. ధాన్యం బస్తాలు పోయాయి. కల్లం కాపలా ఉన్న సాయిలు గొడ్డలి దెబ్బకు చనిపోయాడు. సాయిలు మా ఊరివాడే, గడీలో జీతగాడు, ఎల్లవ్వ అనే విధవరాలికి ఒక్కడే కొడుకు. ఆ వేళకు చిన్నాయన మా ఇంటి పందిట్లో చుట్టాల ఎడ్లకు మేత వేస్తున్నాడు. నేను చూశాను. చూసినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

ఇక ఫిర్యాదు అనే మొదటి గడి. శ్రీజ పుస్తకంలో అది నేరాన్ని చూసినవాడు చెప్పేది. మా విషయంలో గడీ లెక్కలు చూసే గుమాస్తా చెప్పాడు, క్యాంపు అధికారి ఉర్దూలో రాసుకున్నాడు. గుమాస్తా ఆ వేళకు కల్లం దగ్గర లేడు. అతనికి తెలిసినది ఊళ్లో ఎవరెవరు వెట్టి మానేశారన్న సంగతి. ఆ పేర్లే వరుసగా ఫిర్యాదులోకి ఎక్కాయి. వెట్టి మొదట మానినవాడి పేరు మొదట పడింది. గొడ్డలి ఎవరి చేతిలో ఉన్నదో వెతకవలసిన పనిని, దొరకు ఎవరి మీద కంటగింపు ఉన్నదో వెతకడంతో సరిపెట్టారు.

అరెస్టు చేయడానికి వచ్చేసరికి చిన్నాయన అన్నం ముందు కూర్చున్నాడు. జమేదారు "లెవ్" అన్నాడు. నాయనమ్మ గంటె చేతిలో పట్టుకొనే అడ్డం వచ్చింది. "అన్నం ముంగట కూసున్నోన్ని లేపుతరా? మీ ఇంట్ల గట్లనే లేపుతరా?" అని అడిగింది. జమేదారు ఆమె వైపు, కంచం వైపు చూసి, గడపలో తుపాకీ ఆనించి నిలబడ్డాడు. చిన్నాయన తొందరపడలేదు. చారు పోయించుకొని తిన్నాడు. "జమేదార్ సాబ్, నువ్వు గూడ జరంత తినరాదు" అని అడిగాడు కూడా. క్యాంపులో ఆయనకు దెబ్బలు పడ్డాయి. ఆ సంగతి తర్వాత తెలిసింది. కానీ ఆ పూట కడుపు నిండా తిని పోయాడన్నది మా నాయనమ్మకు ఆ కేసు పొడుగునా ఒక ఆధారంగా ఉండిపోయింది.

మగవాళ్లున్న ఇళ్ల మీద క్యాంపు కన్ను పడడంతో మా నాయన అందరినీ జనగామకు చేర్చాడు. అంగడి బజారులో గల్లా, అంటే ధాన్యం, అమ్మే ఒక సావుకారు కొట్టులో ఆయనకు కాంటా వేసే పని దొరికింది. కొట్టు వెనుక గోనె సంచులు పెట్టే గది మాకు ఇచ్చారు. నా చిన్ననాటి జనగామ అంటే ఆ గదే. ఆముదాల జిడ్డు వాసన, ఎండుమిర్చి ఘాటు, కొత్త గోనెల నార వాసన, మధ్యాహ్నం ఎండకు వెచ్చబడిన బెల్లం వాసన ఒకదాని మీద ఒకటి పేరుకొని ఉండేవి. నాయనమ్మ చీకటితోనే లేచి, బూడిదతో పళ్లు తోముకొని, సావుకారు వాకిలి కూడా తానే ఊడ్చేది. వద్దంటే వినేది కాదు. "ఉట్టిగ ఉంటే నాకు కొడుకే కండ్లల్ల మెదుల్తడు. చీపురుంటే చెత్త కనపడ్తది" అనేది. చిన్నమ్మ తిరగలి దగ్గర కూర్చుంటే లేచేది కాదు. జొన్నలు అయిపోయినా ఉత్త తిరగలి తిప్పుతూ ఉండేది. సావుకారు భార్య నాకు పలక ఇచ్చి, తన పిల్లలతో పాటు బడికి పంపింది. నాయన రైల్లో పోయి వచ్చినప్పుడల్లా కోర్టులో ఏం జరిగిందో నాయనమ్మకు చెబుతుంటే, నేను పలక మీద ముక్కలు ముక్కలుగా రాసుకునేదాన్ని. రాసుకునే జబ్బు నాకు అక్కడే పట్టుకుంది.

జైలుకు ములాఖాత్‌కు పోయే రోజున ఇల్లు పండుగ చేసుకున్నట్లే ఉండేది, చెప్పడానికి వింతగా ఉన్నా. నాయనమ్మ గిన్నెకు పిండి అద్ది, వేళ్లతో బొక్కలు పెట్టి, నూనె పోసి సర్వపిండి కాల్చేది. పల్లీలూ నువ్వులూ కాలిన కమ్మటి వాసన కొట్టు ముందుదాకా పోతే, హమాలీలు తొంగిచూసి, "అవ్వా, ఇయ్యాల జైలుకా?" అని అడిగేవారు. జైలు గేటు దగ్గర జవాను ఆ సర్వపిండిని ఇనుప పుల్లతో పొడిచి పొడిచి చూసి లోపలికి పంపేవాడు. ఇనుప ఊచల జాలీ అవతలి నుంచి చిన్నాయన దాన్ని ఎత్తి పట్టుకొని వెలుతురులో చూసి, "అవ్వా, గీ బొక్కలు నువ్వు పెట్టినయా, సర్కారు పెట్టిందా?" అన్నాడు. నాయనమ్మ ఏడవాలని వచ్చి నవ్వి పోయింది. ఆయన మీసాలు అప్పటికి మునుపటిలాగే ఏపుగా ఉన్నాయి. నూనె మాత్రం లేదు.

విచారణ ఆ రోజుల కోసమని ఏర్పాటైన ఒక ప్రత్యేక న్యాయస్థానంలో జరిగింది. న్యాయాధిపతి మన ప్రాంతంవాడు కాడు. సాక్షులు తెలుగులో చెబితే కోర్టు గుమాస్తా ఉర్దూలో రాసేవాడు. ఎడ్ల జతను అమ్మి పెట్టుకున్న మొదటి వకీలు పెద్దమనిషే. కానీ చేతినిండా కేసులు. చిన్నాయనకు ఆయన చేసిన బోధ ఒక్కటే. "నువ్వు నోరు తెరవద్దు. నువ్వు ఒకటి చెప్తే వాళ్లు పది చేస్తరు. అడిగితే నాకు తెల్వదను." మా నాయనా, మిగతా చుట్టాలూ మా వైపు సాక్షులు కావడంతో, తమ వంతు వచ్చేదాకా బయట వరండాలో కూర్చోవలసి వచ్చింది. లోపల ఏమి చెబుతున్నారో వాళ్లకు వినబడదు. మావాళ్లలో విన్నవాడు ఒక్క చిన్నాయన. ఆయనకేమో నోటికి తాళం.

సర్కారు వైపు సాక్ష్యాలు ముఖ్యంగా రెండు. సాయిలుతో పాటు కల్లం కాపలా ఉన్న రెండో జీతగాడు, గొడ్డలి వేసినవాణ్ణి మసకవెలుతురులో పెద్ద మీసాలను బట్టి గుర్తుపట్టానని చెప్పాడు. నెలలు గడిచాక జైలులో పదిమందిని వరుసలో నిలబెట్టి, చంపినవాణ్ణి గుర్తుపట్టమని పెట్టిన పరేడులోనూ అతను ఆ మీసాలనే చూపించాడు. రెండోవాడు పోలీసు పటేలు. ముందురోజు నర్సయ్య ఇంట్లో తండ్రి దినం జరిగిందనీ, తాను స్వయంగా పోయి చూశాననీ, దినం పేరు పెట్టి సంఘంవాళ్లను పోగుచేసి అక్కడే ఈ కుట్ర చేశారనీ చెప్పాడు. మా వైపు సాక్షులు, ఆ వేళకు నర్సయ్య ఇంట్లోనే ఉన్నాడని ఒక్కొక్కరే చెప్పారు. వాళ్లంతా చుట్టాలు కనుక వాళ్ల మాట నమ్మదగినది కాదని తీర్పులో రాశారు. దినం మరుసటి రోజు ఇంట్లో చుట్టాలు కాక ఎవరుంటారు? చివరన న్యాయాధిపతి, "నువ్వేమైనా చెప్పుకుంటావా?" అని చిన్నాయనను అడిగాడు. ఆయన చేతులు కట్టుకొని, "నాకు తెల్వది" అన్నాడు.

ఉరిశిక్ష పడింది. నాయన మధ్యాహ్నం రైలు దిగి, కొట్టు ముందునుంచి కాక వెనుక సందునుంచి వచ్చాడు. అప్పుడు నాయనమ్మ పెనం మీద జొన్నరొట్టె వేసి ఉన్నది. నాయన మాట పూర్తిచేసేదాకా విన్నది. రొట్టె మాడి పొగ వచ్చింది. ఎవరూ తీయలేదు. సావుకారు భార్యే లోపలికి వచ్చి పెనం దించింది. చిన్నమ్మ తిరగలి వదిలి గోడకు ఆనుకొని, "ఇగ ఏం జేస్తం బావా?" అని మెల్లగా అడిగింది. "ఇంకో కోర్టున్నదట. పట్నంల" అన్నాడు నాయన. ఆ మాట నాకు అద్భుతంగా తోచింది. ఒక కోర్టు చెప్పినదాన్ని తప్పని చెప్పడానికి ఇంకో కోర్టు ఉంటుందని నాకు అదే తెలియడం. నాయనమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. "గీ కోర్టుకు తెల్వంది గా కోర్టుకెట్ల తెలుస్తది? గాల్లు మన్నూరోల్లా?" అన్నది.

అప్పీలు పట్టిన వకీలు మానుకోటవాడు, హైదరాబాదులో పని చేసేవాడు. నెలకోసారి సొంత ఊరికి పోయేవాడు. మానుకోట బండి జనగామ మీదుగానే పోతుంది కనుక, ఒక రోజు మా కోసం మధ్యలో దిగి, తర్వాతి బండికి పోతానని కబురు చేశాడు. సన్నటి మనిషి, చంకలో కాగితాల కట్ట, దారి పొడుగునా ఏమీ తినలేదట. కూర్చుంటూనే, "అవ్వా, కేసు సంగతి తర్వాత. ముందు ఏమన్న పెట్టు. ఆకలైతాంది" అన్నాడు. నాయనమ్మకు ఆయన ఆ మాటతోనే నచ్చాడు. పచ్చిపులుసు, పప్పు, వేడి అన్నం పెట్టింది. ఆయన తింటూనే, ఎడమచేత్తో కాగితాలు తిరగేస్తూ అడగడం మొదలుపెట్టాడు.

"అవ్వా, దినం చేసింది పెద్ద కొడుకేనా, ఇద్దరా?"

"తలకొరివి పెద్దోడు పెట్టిండు. దినానికి ఇద్దరు కూసున్నరు. ఇద్దరు గుండ్లు కొట్టిచ్చుకున్నరు."

వకీలు చేతిలోని ముద్ద నోటిదాకా పోయి ఆగింది. "ఇద్దరూనా? నర్సయ్య గూడనా?"

"తండ్రి గాదా ఆనికి?"

"మీసాలో?"

నాయనమ్మ ఆయన వైపు జాలిగా చూసింది. "ఏంది బిడ్డా గట్లడుగుతవు? మీది మానుకోటేనా? తండ్రి పోయినోనికి దినమయినంక మీసాలెక్కడియి? మంగలాయన వచ్చి అందరి ముంగటనే తీసిండు. గవి ఊడినంక నా కొడుకు మొకం నాకే కొత్తగ గనపడ్డది."

వకీలు ముద్దను కంచంలో పెట్టేశాడు. కాగితాలు గబగబా తిరగేసి, జీతగాడి వాంగ్మూలం మీద ఒక వేలూ, పటేలు వాంగ్మూలం మీద ఇంకో వేలూ పెట్టాడు. "వీడు మీసాలు చూసి గుర్తుపట్టిన అన్నడు. గీయన నిన్ననే దినమైంది, కండ్లార చూసిన అన్నడు. రెండు కలిపి ఎవ్వరు చదవలే." ఆపైన మా నాయన వైపు తిరిగి, "గీ సంగతి కోర్టుల ఎందుకు చెప్పలే?" అని అడిగాడు. నాయన చెప్పాడు. "సాక్షి మీసాలన్నడని మాకు తెల్వది వకీల్ సాబ్. మేము బయట కూసున్నం." నాయనమ్మ మధ్యలో అందుకుంది. "చెప్పుడేంది? తండ్రి పోతే గుండు కొట్టిచ్చుకున్నడని ఊరంత తిరిగి చెప్తరా ఎవలన్న? అందరికి తెల్సిందే గదా. ఎవలడిగిన్రు మమ్ములను?"

నా జీవితంలో విన్న అన్ని వాదనల్లోనూ నన్ను పట్టి వదలనిది ఆ ఒక్క ప్రశ్నే. ఎవరూ అడగలేదు. ఫిర్యాదు రాసుకున్నవాడు అడగలేదు, ఎందుకంటే అతనికి కావలసింది పేర్లు. సాక్ష్యం నేర్పినవాళ్లకూ గుర్తు రాలేదు, ఎందుకంటే మీసాలు లేని నర్సయ్యను వాళ్లు తలపులో కూడా ఊహించలేదు. పటేలు ఆ ముఖం చూసినవాడే గానీ, అతనూ సాక్షే కనుక జీతగాడి మాట వినకుండా బయటే ఉన్నాడు. పరేడు నాటికీ విచారణ నాటికీ మీసాలు మళ్లీ పెరిగి ఉన్నాయి, కాబట్టి న్యాయాధిపతి ముందు నిలబడినది మీసాల నర్సయ్యే. మొదటి వకీలు దినం మాట విన్నాడు గానీ క్షౌరం సంగతి ఆయనకు తట్టలేదు. ఇక మావాళ్ల పొరపాటు మావాళ్లదే. అందరికీ తెలిసిన సంగతిని కోర్టుకు వేరే చెప్పాలని మా ఊళ్లో ఎవరికీ తోచలేదు.

వకీలు జైలుకు పోయి చిన్నాయనను అడిగాడట. "నీ ముంగటనే మీసాలన్నప్పుడు నీకేం అనిపియ్యలేదా?" చిన్నాయన చెప్పిన జవాబు మా ఇంట్లో చాలా ఏళ్లు చెప్పుకొని నవ్వుకున్నాం. "అనిపిచ్చింది సాబ్. పాపం అబద్ధం గూడ సక్కగ నేర్పలేదు వీనికి, జడ్జి సాబ్ ఇప్పుడే పట్టుకుంటడు అనుకున్న. తండ్రి చచ్చినోనికి మీసాలుండయని అంత పెద్ద జడ్జికి తెల్వకుంటదా? ఇగ నేను నోరు తెరిస్తే మా వకీల్ సాబ్ కోపం జేస్తడని ఊకున్న."

నాయనమ్మ తానే పట్నం పోయి చెబుతానని బయలుదేరింది. కొత్త చీర కూడా తీసి పెట్టుకుంది. వకీలు ఆమెకు అప్పీలు అంటే ఏమిటో చెప్పిన తీరు నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. "అవ్వా, పెద్ద కోర్టుల కొత్త మాట విననీకె ఒప్పుకోరు. కింద కోర్టుల రాసుకున్న కాగితాలే మల్ల చదువుతరు. అండ్ల ఉన్నదే మాట."

"అయితే నేను చెప్పింది గాలికి పోయినట్టేనా?"

"పోలే. దినమైందని పటేలు నోటితోని సర్కారోల్లే చెప్పిచ్చి రాయించిన్రు. మనకు గదే చాలు."

హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు విన్నారు. నాయన వెనుక బెంచీ మీద కూర్చుని విన్నదంతా మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. మా వకీలు గొంతు పెంచలేదట. పటేలు మాట నిజమైతే, మరుసటి సాయంత్రం నర్సయ్యకు మీసాలు లేవు, జీతగాడు చూసినవాడు ఇంకెవడో. పటేలు మాట అబద్ధమైతే, దినమూ లేదు, కుట్రా లేదు. సర్కారు ఏది కావాలంటే అది తీసుకోవచ్చు, రెండూ కావాలంటే కుదరదు. ఇంతే ఆయన వాదన. సర్కారు వకీలు లేచి, వీళ్లు సంఘంవాళ్లు, దేవుణ్ణి నమ్మనివాళ్లు, ఆచారం పాటించి ఉండకపోవచ్చు అన్నాడు. "సర్కారు తన సాక్షి నోటనే దినం జరిపించి, క్షౌరం మాత్రం కాలేదంటే ఎట్లా?" అన్నాడట మా వకీలు. ఇద్దరిలో పెద్దవాడైన న్యాయమూర్తి తన పైపెదవి మీద వేలు ఆనించి కాసేపు కూర్చుని, తండ్రి దినం మరుసటి రోజు కొడుకు ముఖం ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి ఈ కోర్టుకు సాక్షి అక్కరలేదు అన్నాడట. ఆ మాట విని నాయన రెండు చేతులా బెంచీని పట్టుకున్నాడు. తీర్పు తర్వాత వచ్చింది, చిన్నాయన నిర్దోషి అని. కానీ మా నాయన లెక్కలో తన తమ్ముడు ఆ వేలు పైపెదవి మీద ఆనినప్పుడే విడుదలయ్యాడు.

ఇదంతా విని శ్రీజ తన పుస్తకం మూసి, "ఇప్పుడు గట్ల కాదు అమ్మమ్మా. సాక్షి చెప్పిన ఒక్కొక్క ముచ్చట ముద్దాయి ముంగట పెట్టి, దీనికేమంటవు అని జడ్జే అడగాలె. వకీలును పెట్టుకోలేనోనికి సర్కారే పెడ్తది" అంది. నిజమే. నేను పనిచేసిన కాలంలోనే ఆ తేడాను నా కళ్లతో చూశాను. వాంగ్మూలాలు మెల్లగా మన భాషలోకి వచ్చాయి. వేలిముద్ర వేసే ముందు చదివి వినిపించమని అడిగే ఆడవాళ్లు వచ్చారు. నేను పుట్టినప్పటి లోకంకన్నా నేను విడిచిపోయే లోకం ఈ విషయంలో మెరుగైనదని తృప్తిగానే రాస్తున్నాను. అయితే అడగాలని చట్టం ఆనాడూ చెప్పింది. అడిగారు కూడా, అన్నిటినీ ఒక్క మూటగట్టి, "ఏమైనా చెప్పుకుంటావా" అని. అడగడానికీ, తెలుసుకోవాలని అడగడానికీ మధ్య ఉన్న దూరం ఏ బాణం గుర్తుతోనూ దాటేది కాదు. ఒక వకీలు ఆకలితో వచ్చి, అన్నం తింటూ ఒక ముసలామెను పలకరించినందువల్ల ఒక ప్రాణం నిలబడింది. ఆయన స్టేషనులోనే ఏదైనా కొనుక్కొని తిని ఉంటే? ఈ ప్రశ్న ఎన్నోసార్లు వేసుకున్నాను. జవాబు రాయడానికి ఇష్టపడలేదు. శ్రీజతో మాత్రం, "నీ ముంగటికొచ్చినోల్ల ఇంట్ల అందరికి తెల్సిన ముచ్చట నీకు తెల్వదనుకో. అనుకొని అడుగు" అని చెప్పాను.

చిన్నాయన విడుదలై వచ్చిన బండికి ఎదురుపోయినప్పుడు నాయనమ్మ ఏడవలేదు. చిక్కిపోయాడని తిట్టింది. కొన్నాళ్లకు ఊళ్లోంచి క్యాంపు ఎత్తేశారు. మేము సావుకారు గది ఖాళీ చేసి, బండిలో సామాను వేసుకొని మా ఊరికి మళ్లాం. ఊరి మొదట్లోనే నాయనమ్మ బండి ఆపించింది. "మనింటికి తర్వాత. ముంగట ఒక ఇంటికి పోవాలె" అని, చిన్నాయనను వెంటబెట్టుకొని నడిచింది. నేనూ వాళ్ల వెంట పోయాను. అది సాయిలు తల్లి ఎల్లవ్వ ఇల్లు. గడీవాళ్లు కొడుకు పోయిన తర్వాత ఆమె ముఖం చూడలేదట. కేసులో ఆమెను ఎవరూ సాక్షిగా కూడా పిలవలేదు. వాకిట్లో కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతున్నది. మమ్మల్ని చూసి చేట ఆపింది.

"వచ్చినవా కొడుకా?" అన్నది.

"వచ్చిన పెద్దవ్వా."

"బాగ కొట్టిన్రట గదా."

"మొదట్ల కొట్టిన్రు. తర్వాత ఊకున్నరు."

ఆమె చేటలోని మట్టిబెడ్డ ఒకటి ఏరి పక్కకు వేసింది. "పట్నం కోర్టుల నా సాయిలు పేరు తీసిన్రా?"

"తీసిన్రు. శానసార్లు తీసిన్రట."

"ఎవలు కొట్టిన్రో చెప్పిన్రా?"

చిన్నాయన నాయనమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆయన ఎల్లవ్వ ముందు కింద కూర్చున్నాడు. "లేదు పెద్దవ్వా. నేను కొట్టలేదని చెప్పిన్రు. మరి ఎవలు కొట్టిన్రని ఎవ్వలు అడగలే."

ఎల్లవ్వ చేటను గోడకు ఆనించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని లేచింది. "ఎండల నడిచొచ్చిన్రు. కూసోన్రి" అని లోపలికి పోయి, ఉప్పు వేసి కలిపిన అంబలి ముంతతో తెచ్చింది. మొదట చిన్నాయనకు ఇచ్చింది. ఆయన రెండు చేతులా అందుకొని, ఆమె చూస్తుండగా, అడుగంటా తాగాడు.